హైదరాబాద్ – విశాఖపట్నం: విమానంలో, రోడ్డుపై దూరం, ప్రయాణ సమయం – తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఉద్యోగమో చదువో, విశాఖపట్నంలో సొంతిల్లో అత్తవారిల్లో ఉన్నవారు ఈ రెండు నగరాల మధ్య ఏటా పలుమార్లు తిరుగుతూనే ఉంటారు. అయినా బయలుదేరే ముందు రోజు వచ్చే ఫోన్లలో అవే సందేహాలు వినిపిస్తాయి. ఎంత దూరం, ఎన్ని గంటలు, విజయవాడ మీదుగానా ఖమ్మం మీదుగానా, విమానానికి ఇంటి దగ్గర ఎప్పుడు బయలుదేరాలి అని అడుగుతూనే ఉంటారు. మా బంధువర్గంలోను, పనిచేసే చోటను పదేపదే ఎదురైన ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి ఇక్కడ సమాధానాలు రాశాను. ఏ ప్రశ్న దగ్గర నుంచైనా చదువుకోవచ్చు. గంటల లెక్క మాత్రం వీలైనంతవరకు గడప నుంచి గడపకు వేశాను, ప్రయాణికుడిని అలసటకు గురిచేసేది ఆ మొత్తం సమయమే కాబట్టి.

## దూరం గురించిన సందేహాలు

హైదరాబాద్ నుంచి వైజాగ్ ఎన్ని కిలోమీటర్లు? ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తోంది, ఏది నిజం?

అన్నీ నిజమే, అయితే ఒక్కో అంకె ఒక్కో దూరాన్ని చెబుతుంది. నగరం నడిబొడ్డు నుంచి నగరం నడిబొడ్డుకు గీత గీస్తే సుమారు 500 కి.మీ. వస్తుంది. శంషాబాద్ విమానాశ్రయం నుంచి విశాఖ విమానాశ్రయానికి కొలిస్తే సుమారు 510 కి.మీ. అవుతుంది. విజయవాడ మీదుగా జాతీయ రహదారిపై వెళ్తే సుమారు 625 కి.మీ., సికింద్రాబాద్ నుంచి కాజీపేట, విజయవాడ మీదుగా రైలులో వెళ్తే 699 కి.మీ. అవుతుంది. ఎవరైనా ఒక అంకె చెప్పినప్పుడు అది దేనిమీద కొలిచిన దూరమో అడిగి తెలుసుకుంటే గందరగోళం ఉండదు.

ఆకాశమార్గాన 500 అయినప్పుడు రోడ్డు మీద 625 ఎందుకు అవుతోంది?

పటం ముందు పెట్టుకుని హైదరాబాద్‌కు, విశాఖపట్నానికి మధ్య ఒక దారం పట్టి చూస్తే విషయం వెంటనే తెలుస్తుంది. ఆ దారం దాదాపు కొత్తగూడెం మీదుగా సాగి, గోదావరిని కొండల నడుమ దాటి, మారేడుమిల్లి అడవుల మీదుగా నర్సీపట్నం పక్కనుంచి విశాఖ చేరుతుంది. ఆ దారిలో సగం వరకు తూర్పు కనుమలు, అడవి, నది ఉన్నందువల్ల పెద్ద రహదారి అటు పోలేదు. రహదారి కృష్ణానది వైపు దిగి విజయవాడకు చేరుతుంది. విజయవాడ ఆ దారానికి 110 కి.మీ. దక్షిణంగా ఉంటుంది. అక్కడి నుంచి తీరానికి సమాంతరంగా మళ్లీ ఈశాన్యంగా ఎక్కాలి. రాజమహేంద్రవరం దగ్గరకు వచ్చినా మనం ఇంకా ఆ దారానికి 65 కి.మీ. దిగువనే ఉంటాం. రోడ్డు మీద అదనంగా పడే 125 కి.మీ. ఆ కిందికి దిగి పైకి ఎక్కినందువల్ల పడేదే.

వైజాగ్ హైదరాబాద్‌కు ఏ దిక్కున ఉంది?

దాదాపు నేరుగా తూర్పున ఉంది. అక్షాంశంలో తేడా డిగ్రీలో మూడో వంతుకు మించదు, రేఖాంశంలో మాత్రం సుమారు 4.7 డిగ్రీల తేడా ఉంది. అందువల్ల విశాఖపట్నంలో సూర్యుడు హైదరాబాద్ కంటే సుమారు 19 నిమిషాలు ముందు ఉదయిస్తాడు, దాదాపు అంతే ముందు అస్తమిస్తాడు. గడియారం రెండు చోట్లా ఒకటే కాబట్టి ఈ సంగతి చాలామంది గమనించరు. డిసెంబరులో కారులో తూర్పుకు వెళ్తూ వెలుతురు ఉండగానే చేరాలనుకునేవారు సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుందని లెక్క వేసుకోవాలి.

మా ఇల్లు మియాపూర్‌లో ఉంది. 625 కి.మీ. అనే లెక్క నాకూ వర్తిస్తుందా?

వర్తించదు, కొంత కలుపుకోవాలి. ఆ దూరం నగరం మధ్య నుంచి ఎల్బీనగర్ మీదుగా వెళ్లేవారిది. మియాపూర్, కూకట్‌పల్లి, గచ్చిబౌలి వైపు ఉన్నవారు ఊరి మధ్యనుంచి ఎల్బీనగర్ చేరాలంటే పగటిపూట గంటన్నర దాటవచ్చు. వారికి 158 కి.మీ. పొడవున్న బాహ్య వలయ రహదారి ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగడమే మేలు. గచ్చిబౌలి నుంచి అక్కడికి సుమారు 60 కి.మీ. అయినా ముప్పావు గంట చాలు. విశాఖపట్నం వైపు కూడా ఇలాంటి తేడా ఉంది. గాజువాక నగరం కంటే సుమారు 15 కి.మీ. ముందే వస్తుంది, మధురవాడ నగరం దాటి దాదాపు అంతే దూరంలో ఉంటుంది.

## ఎలా వెళ్లాలో తేల్చుకునేటప్పుడు

విమానంలో గంటే కదా, మరి సగం రోజు ఎందుకు పోతోంది?

గాలిలో ఉండేది గంటే అయినా దానికి ముందు, వెనుక చాలా సమయం ఉంటుంది. ఉదాహరణకు కూకట్‌పల్లిలో ఉంటూ విశాఖలోని ఎంవీపీ కాలనీకి వెళ్లే వ్యక్తిని తీసుకుందాం. ఇంటి నుంచి శంషాబాద్ చేరడానికి గంట నుంచి గంటంబావు పడుతుంది. విమానం కదిలే వేళకు రెండు గంటల ముందు అక్కడ ఉండడం మంచిది. టికెట్ మీది ప్రయాణ సమయం గంటా 15 నుంచి గంటన్నర. దిగాక సామాను బెల్టు దగ్గర 20 నుంచి 30 నిమిషాలు, అక్కడి నుంచి ఆటోలోనో క్యాబ్‌లోనో ఇల్లు చేరడానికి మరో ముప్పావు గంట పడుతుంది. మొత్తం ఐదున్నర గంటలు దాటుతుంది. చేతిసంచితోనే వెళ్లి, ముందే బోర్డింగ్ పాస్ తీసుకున్నవారికి నాలుగున్నర గంటల దాకా తగ్గవచ్చు, అంతకంటే తగ్గడం అరుదు.

అయితే మొత్తం మీద ఏది ఎంత సేపు?

గడప నుంచి గడపకు లెక్క వేస్తే విమానం ఐదు నుంచి ఆరు గంటలు, వందే భారత్ రైలు పది నుంచి పదకొండు గంటలు, సొంత కారు ఆగే వేళలతో కలిపి 11 నుంచి 13 గంటలు, బస్సు 13 నుంచి 15 గంటలు పడుతుంది. విమానానికి, రైలుకు మధ్య తేడా జనం అనుకునేంత లేదు. శంషాబాద్‌కు దూరంగా, సికింద్రాబాద్ స్టేషనుకు దగ్గరగా ఉండేవారికి ఆ తేడా మరింత తగ్గుతుంది.

నలుగురం వెళ్తున్నాం. కారా, విమానమా?

ఖర్చు ఒక్కటే చూస్తే నలుగురికి కారే చవక. లీటరుకు 15 కి.మీ. ఇచ్చే కారుకు ఒకవైపు సుమారు 42 లీటర్ల ఇంధనం పడుతుంది. దానికి టోల్, దారిలో తిండి కలిపినా నాలుగు విమాన టికెట్ల ధరకు చాలా దిగువనే ఉంటుంది. అయితే రెండు సంగతులు మరువకూడదు. నడపగలవారు ఇద్దరైనా ఉండాలి. అక్కడ కనీసం మూడు రోజులైనా ఉండాలి, లేకపోతే రాకపోకలకే రెండు పగళ్లు పోయి చుట్టపుచూపు కూడా తృప్తిగా ఉండదు. ఒక్కరే వెళ్లేటప్పుడు కారు తీయడం ఏ లెక్కన చూసినా లాభం కాదు.

అమ్మానాన్నలకు డెబ్భై దాటాయి. వాళ్లకు ఏది సుఖం?

మోకాళ్ల నొప్పులు, చక్కెర, రక్తపోటు ఉన్న పెద్దలకు నా అనుభవంలో విమానం కంటే రాత్రి రైలులో కింది బెర్తు నచ్చింది. పడుకునే వీలుంటుంది, మరుగుదొడ్డి అందుబాటులో ఉంటుంది, మందుల వేళ తప్పదు. విమానంలోనే తీసుకెళ్లాలనుకుంటే టికెట్ కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని తెలియజేయాలి. అక్కడికి వెళ్లాక అడిగితే దొరకడానికి చాలాసేపు పట్టవచ్చు. శంషాబాద్‌లో తనిఖీ దగ్గర నుంచి గేటు వరకు నడక తక్కువేమీ కాదు, పెద్దలు మొహమాటానికి నడుస్తామన్నా కుర్చీ తీసుకోవడమే మంచిది. కారులో అయితే రెండు గంటలకు ఒకసారి ఆపి పది నిమిషాలు నడిపించాలి, కాబట్టి 14 గంటల ప్రయాణంగా అనుకుని బయలుదేరాలి.

రైలు గురించి క్లుప్తంగా చెప్పండి.

సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య మొదటి వందే భారత్ 2023 జనవరి 15న, రెండోది 2024 మార్చిలో మొదలయ్యాయి. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది గంటల్లో చేరుస్తాయి. రాత్రి ప్రయాణానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తోంది, రెండు రాష్ట్రాల వారికి అది ఇంటి బండి లాంటిది. పండుగలకు బెర్తు కావాలంటే రిజర్వేషన్ తెరిచిన రోజు ఉదయమే తీసుకోవాలి.

## విమాన ప్రయాణం

టికెట్ మీద గంటా 20 నిమిషాలు అని ఉంది. పైలట్ మాత్రం 55 నిమిషాలే అన్నారు. ఏమిటీ తేడా?

టికెట్ మీద ఉండే సమయం గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి, అవతలి ఊళ్లో నిలిచే చోట ఆగే వరకు. పైలట్ చెప్పేది నేల విడిచినప్పటి నుంచి నేల తాకే వరకు. శంషాబాద్‌లో గేటు నుంచి రన్‌వే చివరకు వెళ్లడం, వరుసలో తన వంతు కోసం నిలవడం, దిగాక నెమ్మదిగా నడిచి ఆగడం అన్నీ కలిపి 20 నుంచి 25 నిమిషాలు అవుతాయి. పైగా సంస్థలు వేళాపట్టికలో కొంత వెసులుబాటు ఉంచుకుంటాయి. కాబట్టి పది నిమిషాలు ఆలస్యంగా కదిలిన విమానం కూడా చాలాసార్లు వేళకే చేరుతుంది, ఎదురు చూసేవారు కంగారు పడవలసిన పని లేదు.

వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు సమయం ఒకటేనా?

కొద్ది నిమిషాల తేడా ఉంటుంది, అది రుతువును బట్టి మారుతుంది. చలికాలంలో విమానాలు ఎగిరే ఎత్తులో గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి విశాఖకు వెళ్లే విమానానికి వెనుకగాలి, హైదరాబాద్‌కు వచ్చేదానికి ఎదురుగాలి తగులుతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో దక్షిణ భారతదేశం మీద బాగా ఎత్తున తూర్పు గాలుల ప్రవాహం ఏర్పడుతుంది, అప్పుడు పరిస్థితి తిరగబడవచ్చు. ప్రయాణం చిన్నది కాబట్టి ఆ తేడా ఐదారు నిమిషాల లోపే ఉంటుంది.

ఫ్యాన్లున్న చిన్న విమానం ఇస్తే ఆలస్యమవుతుందా?

కొంత అవుతుంది. ఏటీఆర్ రకం విమానం గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో సాగుతుంది, ఎయిర్‌బస్ ఎ320 సుమారు 830 కి.మీ. వేగంతో వెళ్తుంది. అయితే 510 కి.మీ. ప్రయాణంలో ఎక్కడానికి, దిగడానికే చాలా భాగం పోతుంది కాబట్టి పెద్ద విమానానికి పూర్తి వేగంతో వెళ్లే అవకాశం కొద్దిసేపే దొరుకుతుంది. అందువల్ల రెండింటి మధ్య తేడా 20 నిమిషాలకు అటూ ఇటూగానే ఉంటుంది. భద్రతలో ఏ లోటూ లేదు. తక్కువ ఎత్తున ఎగురుతుంది కాబట్టి వానాకాలంలో కుదుపు కొంచెం ఎక్కువగా తెలుస్తుంది.

శంషాబాద్‌కు ఇంటి దగ్గర ఎన్ని గంటలకు బయలుదేరాలి?

విమానం వేళ నుంచి వెనక్కు లెక్క వేసుకోవాలి. చాలా సంస్థలు సామాను తీసుకునే కౌంటరును 60 నిమిషాల ముందు, గేటును 25 నిమిషాల ముందు మూసేస్తాయి. టికెట్ మీద రాసిన వేళలే ప్రమాణం. మెహిదీపట్నం వైపు ఉన్నవారికి ఆరాంఘర్ వరకు 11.6 కి.మీ. పొడవున్న పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది, కాబట్టి 40 నిమిషాలు చాలు. పడమటి శివార్ల వారు వలయ రహదారి మీదుగా గంట వేసుకోవాలి. సికింద్రాబాద్, ఉప్పల్ వైపు వారు సాయంత్రపు వేళల్లో గంటన్నర పెట్టుకోవాలి. తెల్లవారుజామున ఆరు గంటల విమానానికి మూడు గంటలకే లేవాలి. ఆర్టీసీ పుష్పక్ బస్సులు నగరంలోని పలు చోట్ల నుంచి నడుస్తాయి, ఒంటరిగా వెళ్లే స్త్రీలకు ఆ వేళలో అవి నమ్మకమైనవి.

ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర యాప్‌లో ముందే వివరాలు నమోదు చేసుకున్నవారికి ప్రవేశద్వారం దగ్గర వరుస చిన్నదిగా ఉంటుంది. భద్రతా తనిఖీలో మాత్రం పట్టే సమయం పడుతుంది.

వైజాగ్ ఎయిర్‌పోర్టు ఊరికి దగ్గరేనా? భోగాపురం అంటున్నారే?

ఎన్ఏడీ కూడలికి చేరువలో ఉన్న విమానాశ్రయం నగరంలోనే ఉన్నట్టు లెక్క. అక్కడి రన్‌వే నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగా ప్రాంగణంలో పౌర విమానాలకు చోటిచ్చారు. బీచ్ రోడ్డు, ఎంవీపీ కాలనీ వైపు వెళ్లడానికి 30 నుంచి 45 నిమిషాలు, గాజువాకకు అరగంట చాలు.

భోగాపురం విజయనగరం జిల్లాలో, విశాఖ నగరానికి సుమారు 45 కి.మీ. దూరంలో ఉంది. అక్కడి కొత్త అంతర్జాతీయ విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. మీ టికెట్ మీద ఆ పేరుంటే విశాఖ నగరవాసులు మరో గంట కలుపుకోవాలి. విజయనగరం, శ్రీకాకుళం వారికి అదే గంట కలిసొస్తుంది. శ్రీకాకుళం బంధువులను దించడానికి ఇన్నాళ్లూ నగరం మధ్యనుంచి ఈదుకుంటూ వచ్చిన నాకు ఆ వెసులుబాటు విలువ తెలుసు. రెండు పేర్లు వాడుకలో ఉన్నంతకాలం డ్రైవరుకు "ఎయిర్‌పోర్టు" అని మాత్రమే చెప్పి ఊరుకోకండి.

తుఫాను, పొగమంచు ఉంటే ఏమవుతుంది?

బంగాళాఖాతంలో తుఫానులు ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల్లో విశాఖ తీరాన్ని తాకుతుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు విమానాశ్రయ భవనం దెబ్బతిని కొన్ని రోజులపాటు విమానాలు నడవలేదు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ప్రయాణాన్ని ముందురోజుకు జరుపుకోవడం మంచిది, అదే సమయంలో రైళ్లు, బస్సులు కూడా ఆగిపోతాయి కాబట్టి ఆఖరి నిమిషంలో ఏదీ దొరకదు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచు వల్ల మొదటి విమానాలు ఆలస్యం కావడం మామూలే. ఆ నెలల్లో పెళ్లి ముహూర్తానికో పరీక్షకో వెళ్లేవారు ముందురోజు సాయంత్రమే చేరిపోవాలి.

కిటికీ సీటు ఏ వైపు తీసుకోవాలి?

విశాఖకు వెళ్లేటప్పుడు ఎడమ వైపు అడగండి. గాలి వాటం బట్టి విమానం సముద్రం వైపు తిరిగి దిగే రోజుల్లో ఎడమ కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కన ఓడరేవు కాలువ, బారులు తీరిన ఓడలు కనిపిస్తాయి. ఆకాశం తేటగా ఉంటే ప్రయాణం రెండో సగంలో కొండల మధ్య మెలికలు తిరిగే గోదావరి కూడా కనిపిస్తుంది. రోడ్డు అటు ఎందుకు పోలేదో పాఠం చెప్పినట్టు అర్థమవుతుంది.

## రోడ్డు ప్రయాణం

ఏ ఊళ్ల మీదుగా వెళ్లాలి? మధ్య దూరాలెంత?

విజయవాడ వరకు 65వ నంబరు, అక్కడి నుంచి 16వ నంబరు జాతీయ రహదారి. హైదరాబాద్ నుంచి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ మీదుగా విజయవాడ సుమారు 275 కి.మీ. అక్కడి నుంచి గన్నవరం, హనుమాన్ జంక్షన్, ఏలూరు, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా రాజమహేంద్రవరం సుమారు 155 కి.మీ. ఆపై జగ్గంపేట, కత్తిపూడి, అన్నవరం, తుని, నక్కపల్లి, ఎలమంచిలి, అనకాపల్లి మీదుగా విశాఖపట్నం సుమారు 195 కి.మీ. విజయవాడ దాటగానే "ఇంక వచ్చేసినట్టే" అని చాలామంది అనుకుంటారు, నిజానికి అప్పటికి సగం దారి కూడా కాలేదు.

నాలుగు వరుసల రోడ్డే కదా, 100 వేగంతో వెళ్తే ఆరు గంటల్లో చేరలేమా?

చేరలేరు, చేరాలని ప్రయత్నించకూడదు. ముల్లు 90 దగ్గర ఉన్నా ఊళ్లు, కూడళ్లు, టోల్ వరుసలు, అడ్డొచ్చే ట్రాక్టర్లు, కుడి వరుస వదలని లారీలు అన్నీ కలిసి సగటును గంటకు 60 నుంచి 65 కి.మీ. దగ్గరకు దించుతాయి. 625 కి.మీ. దూరానికి నడిపే సమయమే పది గంటలు. టిఫిను, భోజనం, టీ, ఇంధనం కోసం మరో గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. వేగాన్ని 110కి పెంచినవారు కూడా మొత్తం మీద ముప్పావు గంటకు మించి మిగుల్చుకోలేరని నేను చాలాసార్లు చూశాను.

విజయవాడలో ఇరుక్కోకుండా ఎలా?

ఉదయం తొమ్మిదిలోపు లేదా మధ్యాహ్నం చేరేలా చూసుకుంటే నగరం మధ్యనుంచి కనకదుర్గ వంతెన, బెంజి సర్కిల్ వంతెన మీదుగా దాటడం పెద్ద కష్టం కాదు. గొల్లపూడి నుంచి చిన్న అవుటపల్లి వరకు వేసిన పడమటి బైపాస్ మీద వాహనాలను వదులుతుంటే నగరంలోకి వెళ్లకుండానే ఏలూరు దారి పట్టవచ్చు. దసరా ఉత్సవాల్లో కొండ కింద రోడ్డును మళ్లిస్తారు. అప్పుడు ఇబ్రహీంపట్నం దగ్గర ఎడమకు తిరిగి మైలవరం, నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్ చేరడం పాత పద్ధతి. దూరం కొంచెం ఎక్కువైనా మామిడితోటల మధ్య దారి హాయిగా ఉంటుంది.

గుండుగొలను దాటాక తాడేపల్లిగూడెం రోడ్డా, దేవరపల్లి రోడ్డా?

త్వరగా చేరాలంటే దేవరపల్లి రోడ్డు. గుండుగొలను నుంచి కొవ్వూరు వరకు కొత్తగా వేసిన నాలుగు వరుసల దారి ఇప్పుడు 16వ నంబరు రహదారి. దాని చివర గోదావరిపై 2015లో తెరిచిన నాలుగో వంతెన దాటి దివాన్‌చెరువు వైపు వెళ్లిపోవచ్చు. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా వెళ్లే పాత రోడ్డు ఊళ్లకు ఊళ్లు తగులుతూ నెమ్మదిగా సాగుతుంది. అయితే రావులపాలెంలో ఆత్రేయపురం పూతరేకులు కొనాలనుకుంటే పాత రోడ్డే పట్టాలి, అరగంట ఎక్కువైనా ఇంట్లో ఎవరూ తప్పు పట్టరు.

ఖమ్మం మీదుగా దగ్గర అంటున్నారు, నిజమేనా?

సూర్యాపేట నుంచి ఖమ్మం వరకు నాలుగు వరుసల రోడ్డు ఉంది. అక్కడి నుంచి సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం మీదుగా దేవరపల్లి చేరితే విజయవాడ వరకు దిగే పని తప్పుతుంది కాబట్టి దూరం తగ్గుతుంది. పాత ఖమ్మం–సత్తుపల్లి రోడ్డు మాత్రం రెండు వరుసలది. లారీలు ఎక్కువ కాబట్టి తగ్గిన కిలోమీటర్లు సమయంలో కనిపించవు. ఖమ్మం నుంచి దేవరపల్లి వరకు 162 కి.మీ. పొడవున కొత్త గ్రీన్‌ఫీల్డ్ రహదారిని తలపెట్టింది ఈ లోటు తీర్చడానికే. బయలుదేరే వారంలో దాని మీద ఎంతవరకు వాహనాలను వదులుతున్నారో ఖమ్మంలో తెలిసినవారిని అడిగి, మొత్తం తెరిచి ఉంటే నిస్సందేహంగా అటే వెళ్లండి.

భద్రాచలం, మారేడుమిల్లి మీదుగా వెళ్తే?

పటంలో దగ్గరగా కనిపించినా అది ఘాట్ రోడ్డు. చింతూరు నుంచి మారేడుమిల్లి వరకు మలుపులు ఇరుకుగా ఉంటాయి, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అడవిని చూడడానికి పగటిపూట తీరిగ్గా వెళ్లవలసిన దారి అది, చీకటి పడ్డాక అటు వెళ్లవద్దు.

ఎన్ని గంటలకు బయలుదేరితే మంచిది?

తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నర మధ్య ఎల్బీనగర్ దాటేయాలి. సూర్యాపేటలో ఆరుంబావుకు టిఫిను, విజయవాడ తొమ్మిదిలోపు, రాజమహేంద్రవరం పన్నెండు గంటల ప్రాంతంలో, భోజనం చేసి బయలుదేరితే అన్నవరం రెండున్నరకు, విశాఖ నాలుగున్నరకు. అన్నవరంలో రత్నగిరి ఎక్కే తీరిక లేకపోయినా కింద రహదారి పక్కనే ఆకులో కట్టి ఇచ్చే సత్యనారాయణస్వామి ప్రసాదం దొరుకుతుంది. ఆకు వెచ్చదనం అరచేతికి తెలుస్తుండగా తింటే ఆ పూట అలసట నిజంగానే తగ్గుతుంది.

రాత్రంతా నేనొక్కడినే నడపగలను, ఫర్వాలేదా?

దయచేసి ఆ పని చేయకండి. నేనొకసారి చేశాను. తుని దాటాక తెల్లవారుజామున నాలుగు గంటలకు, రోడ్డు తిన్నగా ఉన్న చోట, కళ్లు తెరిచే ఉన్నాయనుకుంటూ రెప్ప వాల్చాను. అంచున ఉన్న గరుకు గీత మీద టైరు ఎక్కి వచ్చిన గరగర శబ్దానికి మెలకువ వచ్చింది. ముందు పది గజాల్లో, వెనుక దీపాలు లేని లారీ నిలిచి ఉంది. బండి పక్కకు తీసి ఆపాక చాలాసేపటి వరకు చేతుల వణుకు తగ్గలేదు. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య శరీరం నిద్ర కోరుతుంది, టీ దాన్ని ఆపలేదు. తప్పనిసరైతే రాజమహేంద్రవరంలో గది తీసుకుని నాలుగు గంటలు పడుకోండి.

టోల్‌గేట్లు ఎన్ని? ఏడాది పాస్ తీసుకుంటే లాభమా?

విజయవాడలోపు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు వస్తాయి. ఆపై పొట్టిపాడు, కలపర్రు, రాజమహేంద్రవరం దాటాక కృష్ణవరం, వేంపాడు ముఖ్యమైనవి. 2025 ఆగస్టు 15న సొంత కార్లకు 3,000 రూపాయలతో ఏడాది ఫాస్టాగ్ పాస్ మొదలైంది. ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అది. ఒక్కో గేటు దాటడం ఒక్కోసారిగా లెక్క. ఏడాదిలో రెండు మూడుసార్లు రానుపోను తిరిగేవారికి పాస్ లాభమే. అది జాతీయ రహదారులకే వర్తిస్తుంది, హైదరాబాద్ వలయ రహదారి రుసుము విడిగా కట్టాలి.

పెట్రోలు ఎక్కడ పోయించుకోవాలి?

కొన్నేళ్లుగా ఆంధ్రప్రదేశ్‌లో ధర తెలంగాణ కంటే ఎక్కువగా ఉంటోంది. వెళ్లేటప్పుడు సరిహద్దుకు ముందు కోదాడలో నింపుకోండి.

వానాకాలంలో రోడ్డు తెగిపోతుందా?

నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు పొంగితే రహదారి మీదికి నీరు వస్తుంది. 2023 జులైలోను, 2024 సెప్టెంబరు మొదట్లోను అలాగే వాహనాలు నిలిచిపోయాయి. అలాంటప్పుడు నార్కట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా విజయవాడ చేరడం ప్రత్యామ్నాయం, రెండు గంటలు ఎక్కువ పడుతుంది. ఖమ్మం జిల్లాలో భారీ వర్షం అని విన్న మరునాడు ఈ దారి పట్టేముందు తప్పక వాకబు చేయండి, మున్నేటికి నీరు పైనుంచే వస్తుంది.

సంక్రాంతికి ఎన్ని గంటలు వేసుకోవాలి?

భోగికి ముందు మూడు రోజులు పంతంగి దగ్గర వరుసలు కిలోమీటర్ల పొడవున సాగుతాయి. మామూలు సమయానికి నాలుగైదు గంటలు కలుపుకోండి. శుక్ర, శనివారాల సాయంత్రం కంటే అర్ధరాత్రి దాటాక మూడు గంటలకు బయలుదేరడం నయం. తిరుగు ప్రయాణంలో రద్దీ కనుమ మరునాటి నుంచి ఉంటుంది, ఒకరోజు సెలవు ఎక్కువ పెట్టగలిగితే ఆ రోజు దాటించి రండి.

బస్సులో ఎంతసేపు? ఎక్కడ ఎక్కాలి?

రెండు రాష్ట్రాల ఆర్టీసీ బస్సులు ఎంజీబీఎస్ నుంచి, ప్రైవేటు స్లీపర్ బస్సులు మియాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట వైపు నుంచి బయలుదేరుతాయి. ప్రయాణం 12 నుంచి 14 గంటలు. కూకట్‌పల్లిలో ఎక్కినవారు నగరంలోనే గంటన్నర తిరుగుతారు. ఎల్బీనగర్ వరకు మెట్రోలో వెళ్లి అక్కడ ఎక్కితే ఆ సమయం ఇంట్లో గడపవచ్చు. స్లీపర్‌లో అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో పడుకునేముందు చూసుకోవడం అలవాటు చేసుకోండి.

## ఊరు చేరే వేళ

మేం మధురవాడ వెళ్లాలి. ఊరి మధ్యనుంచే వెళ్లాలా?

అవసరం లేదు. అనకాపల్లి దగ్గర ఎడమకు తిరిగి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వరకు ఆరు వరుసల బైపాస్ ఉంది, సుమారు 51 కి.మీ. మధురవాడ, భీమిలి, విజయనగరం, శ్రీకాకుళం వెళ్లేవారు ఇదే పట్టాలి. గాజువాక, ఎన్ఏడీ కూడళ్ల రద్దీ తప్పుతుంది.

ఒక్క రోజులో వెళ్లి పని చూసుకుని రావచ్చా?

విమానంలో అయితే వీలవుతుంది. ఉదయం మొదటి విమానానికి వెళ్లి రాత్రి చివరి విమానానికి తిరిగివస్తే అక్కడ ఎనిమిది గంటలు దొరుకుతాయి, రిజిస్ట్రేషను, బ్యాంకు పనుల వంటివి ముగించుకోవచ్చు. ఆఫీసు పని సాయంత్రం ఐదు వరకు సాగవచ్చు కాబట్టి తిరుగు టికెట్ ఏడున్నర తర్వాతిదే తీసుకోండి. రోడ్డు మీద ఒక్క రోజులో రానుపోను అసాధ్యం. రాత్రి బస్సులో వెళ్లి, పగలు పని చూసుకుని, మళ్లీ రాత్రి బస్సు ఎక్కేవారు ఉన్నారు. వారు ద్వారకా బస్‌స్టేషన్ దగ్గర రెండు గంటలకు గది తీసుకుని స్నానం చేసి పనికి వెళ్తే ఆ రోజు నిలబడగలుగుతారు.